క్లాంపు కింద తెల్లపొడి

బాబాయి పెట్టుడు కాలికి, చీలమండ దగ్గరి క్లాంపు కింద తెల్లపొడి కనిపించింది ఆమెకి. వంగి వేలితో తడిమింది.

"ఏంటిది బాబాయ్?"

"పౌడరు. నా కాలికి సోకులుండకూడదా ఇంజనీరమ్మా?"

నవ్వేసి, బ్రష్షులు సంచిలో పడేసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆమె ఆఫీసు బస్సెక్కింది గానీ మనసు నిలవలేదు. వేలికంటిన పొడిని నలుపుతూనే ఉంది. పౌడరైతే మెత్తగా ఉండాలి, ఇది గరగరలాడుతోంది.

ఆ కాలు కార్బన్ ఫైబర్‌ది. పాదాన్ని పట్టి ఉంచే క్లాంపు టైటానియంది. అది బరువుగా ఉందని బాబాయి లేతు మిషను స్నేహితుడి చేత అల్యూమినియంది చేయించుకున్నాడని పిన్ని ఎప్పుడో అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. కార్బన్ ఫైబర్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకి, మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే బ్యాటరీలాగే కరెంటు పుడుతుంది. కరిగి తెల్లపొడిగా రాలేది అల్యూమినియమే. ఎండలో గోడలకి రంగులేసే మనిషికి చెమటకేం కొదవ?

తర్వాతి స్టాపులో దిగి, బాబాయి రంగులేస్తున్న మేడ వైపు పరుగెత్తింది. ఫోన్ చేయబోయి ఆగింది. నిచ్చెన మీద ఉంటే జేబు తడుముకుంటూ ఆ కాలి మీదే బరువంతా మోపుతాడు.

నిజంగానే బాబాయి రెండో అంతస్తు కిటికీ దగ్గరున్నాడు. పిలిస్తే గిరుక్కున తిరుగుతాడు. నోరు నొక్కుకుని నిచ్చెన పట్టుకుంది. ఆయన తీరిగ్గా కిటికీ అంచు దిద్దుతున్నాడు. రంగుచుక్క ఆమె నుదుటి మీద పడింది. తుడుచుకుందామంటే చేతులు నిచ్చెనని వదిలితేగా!

ఎట్టకేలకు దిగాడు.

"నువ్వేంటే ఇక్కడ? ఉద్యోగం పీకేశారా?"

"కూర్చో. ముందు కాలు ఇలా ఇవ్వు."

"పని సగంలో ఉంది. మేస్త్రీ నా ప్రాణం తీస్తాడు."

"తీయడానికైనా ఉండాలిగా! ఇవ్వు."

గొణుక్కుంటూ డబ్బా మీద కూర్చుని విప్పి ఇచ్చాడు. ఆమె తాళంచెవితో క్లాంపుని పొడిచింది. పెచ్చు ఊడింది. ఇంకోసారి పొడిచింది. క్లాంపు రెండు ముక్కలై పాదం కింద పడింది.

బాబాయి నిచ్చెన పైదాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"కాలు మాత్రం నిక్షేపంలా ఉందే!"

"దానికేం కాదు బాబాయ్. పక్కనున్నదాన్నే తినేస్తుంది."

కాలు పోయిన రోజు నుంచీ ఎవరి భుజమూ పట్టుకోని మనిషి, మెల్లగా చెయ్యి చాపాడు. ఆమె భుజం ఇచ్చింది. ఒంటికాలి మీద కుంటుతూ రెండడుగులు వేసి అడిగాడు.

"బరువుగా ఉన్నానా?"

"చాలా," అంది. "నడు."