కొత్త గిన్నె సొట్టలు

టికెట్ ధర పెంచారని జనం నిరసనగా గిన్నెలు మోగిస్తూ వీధుల్లోకి రావడంతో శాంతియాగోలో మెట్రో నిలిచిపోయింది. నాలుగింటికే లేచి, ఊరి ఆ చివర నుంచి నడిచి, ఎర్మిందా తాను పనిచేసే ఇంటికి చేరేసరికి పది దాటింది.

"ఇంత ఆలస్యమైతే ఎలా ఎర్మిందా? రేపట్నించి కాస్త పెందలాడే లేచి బయల్దేరు" అంది యజమానురాలు. అంటూనే సొట్టలు పడ్డ కొత్త గిన్నె చేతిలో పెట్టింది. "నిన్న మేమూ బాల్కనీలో నిలబడి గంటసేపు మోగించాం, మీకోసమే. ఆ సొట్టలు పోయేలా చూడు."

ఎర్మిందాకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఇంట్లో ఉన్నది ఒక్కటే గిన్నె. వారం రోజులుగా మోగించడంతో దానికి చిల్లు పడి, చిక్కుడుగింజల పులుసు పొయ్యి మీదికి కారుతోంది.

"సొట్టలు తీస్తాను గానీ అమ్మగారూ, ఇంతకీ మీరు ఎవరి మీద కోపంతో మోగించారు?"