రెండు అయస్కాంతాలు

పగలంతా అక్క దంతాల ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తుంది. సెలవు దొరికితే రేసు కార్లు చేస్తుంది. అరచేతిలో ఇమిడే కార్లే గానీ, సీటు బెల్టు నుంచి చక్రం బోల్టు దాకా అన్నీ ఉండాల్సిందే.

"ఈ వయసులో బొమ్మలేంటే నీకు?" అంది చెల్లెలు, చంకలోని పిల్లని దింపుతూ. ఆమెది జుట్టు కత్తిరించే దుకాణం. ఆ రోజు పనిమనిషి రాలేదని బుడ్డిదాన్ని తీసుకొచ్చింది.

"బొమ్మలు కావు. నమూనాలు."

"సరేలే, నీ నమూనాలకి పెట్రోలు పోయించుకో. దీన్ని మాత్రం ఆ గదిలోకి రానీకు."

"రానిస్తే నాకో చక్రమైనా మిగులుతుందా? ఆ భయం నీకంటే నాకే ఎక్కువ, వెళ్లవే తల్లీ."

బుడ్డిది కాసేపు ఆడి సోఫాలో నిద్రపోయింది. పిల్ల లేచేలోపు ఇంజను మూత సంగతి చూద్దామని అక్క గదిలోకి వెళ్లింది. ఎర్ర కారు. అంకెల స్టిక్కర్లు నీళ్లలో నానబెట్టి, ఊపిరి బిగబట్టి అతికించి, పైన మెరుగుపూత కూడా వేసేసింది. మూత తీసి పెట్టుకునేలా బాడీలో రెండు, మూతలో రెండు అయస్కాంతాలు పెట్టింది. ఒక్కోటి ఆవగింజకి అన్న, పెసరగింజకి తమ్ముడు.

తీరా మూత పెట్టబోతే కప్పలా ఎగిరి పడింది. అయస్కాంతాలు తిరగేసి అంటించింది!

"పళ్లైతే ఇలా తిరగేసి పెడతావా, మొద్దుదానా?" అని తనను తనే తిట్టుకుంటూ, మూతలోని రెండింటినీ బ్లేడు మొనతో పెకలించింది. ఎప్పుడూ ఇనప డబ్బాకి అంటించేసే మనిషి, వాటికి జిగురు ఇంకా పచ్చిగా ఉందని ఈసారి కాగితం ముక్క మీద పెట్టింది. అంతలో గంట మోగింది. రంగుల పార్సిల్. వచ్చినవాడు సంతకం పెట్టమన్నాడు. అతని పెన్ను రాయలేదు. ఇంకోటి వెతికిచ్చి, తలుపు వేసి వచ్చేసరికి గదిలో కుర్చీ ఎక్కి బుడ్డిది కూర్చుని ఉంది.

అక్క ముందు చూసింది కారుని. కారుకి ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకుంది. తర్వాత కాగితం చూసింది. ఖాళీ.

"ఏం తిన్నావమ్మా?"

"గోలీ," అంది బుడ్డిది. నోరు తెరిచి చూపించింది కూడా. నోట్లో పళ్లు తప్ప ఏమీ లేవు.

అయస్కాంతాల ప్యాకెట్ మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉన్నదాన్ని అక్క కొన్న రోజే చదివింది. ఒకటి మింగితే బయటికి పోవచ్చు. రెండు మింగితే, పేగులో చెరో మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో చిక్కిన పేగుకి చిల్లు పడుతుంది.

కింద పడ్డాయేమో. పడి ఉండాలి. పెద్ద అయస్కాంతం గుడ్డలో చుట్టి నేలంతా తుడిచింది. ఒక గుండుసూది, ఎప్పుడో పోయిన స్క్రూ దొరికాయి. పిల్ల గౌను దులిపింది, జుట్టులో వెతికింది, వేళ్ల సందులు చూసింది. అదేదో ఆటనుకుని బుడ్డిది ఇంకో చెయ్యి కూడా చాపింది.

అప్పుడు సూదికి దారం కట్టింది. కారు మీద వేలాడదీస్తే, లోపల అయస్కాంతం ఉన్నచోట సూది గబుక్కున అటు తిరిగింది. పిల్ల గౌను పైకెత్తి, పొట్ట పక్కగా సూదిని వేలాడదీసి పట్టుకుంది.

"చక్కిలిగిలి పెద్దమ్మా!" అని కిలకిలా నవ్వింది.

సూది కదిలింది. సూదే కదిలిందో, తన చెయ్యే కదిలిందో తెలియలేదు. వెంట్రుకంత గీత వంకర పోకుండా గీసే చెయ్యి అది. సూది అవతల పడేసి చెల్లెలికి ఫోన్ చేసింది.

ఆసుపత్రి గుమ్మంలోనే ఎదురైంది చెల్లెలు, భుజం మీద ఎవరివో జుట్టు తుంపులతో. పిల్లని లాక్కున్నట్టే తీసుకుంది.

"మింగి ఎంతసేపైంది?"

"ముందు గదంతా వెతికాను..."

"వెతికావా? నాకు చెప్పకుండా?"

"నేల మీద ఉంటాయేమోనని..."

"ఉంటే నాకు చెప్పే పని తప్పేదనా?"

అక్క తల ఊపింది.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టింది. బుల్లి పక్కటెముకల కింద తెల్లటి చుక్క ఒకటి. "రెండూ అతుక్కునే ఉన్నట్టున్నాయి. ఇంకా కడుపులోనే ఉన్నాయి, పేగుల్లోకి దిగలేదు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం వేసి తీసేస్తాం. ఇంకా ఏమైనా మింగిందా? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పండి."

"రెండే. కారు బాడీలోవి అలాగే ఉన్నాయి, చూశాను," అంది అక్క. అన్నాక కూడా కళ్ల ముందు ఆ కాగితాన్నే మళ్లీ మళ్లీ వెతుక్కుంది.

పిల్లని లోపలికి తీసుకెళ్లాక తలుపు మూసుకుంది. అక్క పక్కన కూర్చోబోతే చెల్లెలు బ్యాగు అడ్డం పెట్టింది. లోపల ఏదో గిన్నె కిందపడిన చప్పుడైతే మాత్రం అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది. మరుక్షణం వదిలేసింది.

చివరికి తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో సీసా, అందులో అంటుకుపోయిన గింజలు రెండు. వెనకే మత్తుగా, చెమట పట్టిన జుట్టుతో బుడ్డిది. లోపల పుండేమీ పడలేదట, రేపటి దాకా చూసి పంపేస్తారట.

చెల్లెలు బిడ్డని అందుకుని, మెడలో మొహం దాచుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఉన్నట్టుండి అక్క వైపు చాపింది.

"పట్టుకో. కళ్లు తిరుగుతున్నాయి."

"నేనా?"

"మరెవరున్నారే ఇక్కడ? పట్టుకోమంటే."

అక్క నిలబడి అందుకోలేకపోయింది. ముందు కుర్చీలో కూర్చుని, వీపు గోడకి గట్టిగా ఆనించుకుని, అప్పుడు చేతులు చాపింది.