గీత మీద సీసాలు

పైకి పంపిన పెట్టెలు మళ్ళీ కిందికి రావడం మొదలైనప్పుడు మేమంతా నవ్వాం.

విమానం పొట్టలో మా బావ ఉన్నాడు. అక్కడ నిలబడేంత ఎత్తు ఉండదు. మోకాళ్ళ మీద కూర్చుని, బెల్టు మీద వచ్చిన పెట్టెను అందుకుని లోపలికి తోసి పేర్చాలి. మధ్యాహ్నం రెండింటికి ఆ పొట్టలో గాలి కూడా కాలుతుంది. కింద బెల్టు దగ్గర నేనున్నాను. ఉన్నట్టుండి బెల్టు ఆగింది. పైనున్న మీట తిప్పి బావ దాన్ని వెనక్కి నడిపించాడు. నేను పంపిన ఎర్ర పెట్టె నా దగ్గరికే వచ్చింది. దాని వెనకాలే ఇంకోటి.

"బావా, ఇది వెళ్ళే విమానం. దించుతావేంటి?" అని అరిచాను.

"పొద్దున్నే అక్క చీవాట్లు పెట్టినట్టుంది" అన్నాడు పెట్టెల బళ్ళు లాగే ట్రాక్టరు డ్రైవరు. మళ్ళీ నవ్వాం.

బావ తలుపు దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. ముఖం మీద ఒక్క చెమట చుక్క లేదు. ఆ వేడిలో చెమట ఆగిపోయిందంటే మనిషి లోపల ఉడికిపోతున్నట్టే. "అన్నీ దించేశాను, ఇంటికి పోదాం" అన్నాడు. అని ముందుకు పడ్డాడు. ఆ బెల్టు ఆయన్ని కూడా పెట్టెలాగే కిందికి దించింది.

ఒళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలింది. రెక్క కింద నీడలోకి ఈడ్చాం. ఆ మైదానం మొత్తానికి మాకున్న నీడ విమానం రెక్కే. అది వెళ్ళిపోతే నీడా వెళ్ళిపోతుంది. ఇంతలో కంపెనీ మేనేజరు జీపు వచ్చింది. ఆయన్ని మేము నాలుగువేళ్ళ సారు అంటాం. లోపలి చల్లదనం పోతుందని జీపు అద్దం ఎప్పుడూ నాలుగు వేళ్ళ సందు మాత్రమే దించుతాడు. ఆ సందులోంచే ఉత్తర్వులిస్తాడు.

"అంబులెన్సుకి చెప్పాను. అతన్ని పక్కన పడుకోబెట్టి మిగతావి ఎక్కించండి. టైముకి వెళ్ళాలి."

ఎక్కించాం. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ ఎక్కించాం. గేటు దగ్గర పాసు చూసి వదిలేసరికి అంబులెన్సుకు ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా విమానం కదిలింది, నీడ కదిలింది. మా చొక్కాలు విప్పి బావ మీద పట్టుకుని నిలబడ్డాం.

కాలేజీ పిల్లలూ, ఫ్యాక్టరీ అన్నలూ, మీరు ఈ కథ అడిగారు కనుక దాచకుండా చెబుతాను. ఆ నేరంలో నాకు కూడా వాటా ఉంది.

మా పనిలో ఫాడ్ అనే మాట ఉంది. నేలమీద వదులుగా పడివున్న ఏ వస్తువైనా ఫాడే. ఒక మేకు, ఒక గులకరాయి, ఒక సీసా మూత చాలు. ఇంజను లోపలికి లాక్కుంటుంది. అందుకే రోజూ పొద్దున్నే నలభైమందిమి భుజం భుజం కలిపి, తల వంచుకుని, మైదానమంతా నడిచి ఏరుతాం. ఆ వరుసకు పెద్దని నేను. పదకొండేళ్ళుగా నా కంట పడకుండా చిన్న స్క్రూ కూడా తప్పించుకోలేదని గొప్పలు పోయేవాణ్ణి.

ఆ రూలు మంచిదే. ఆ రూలు వెనక దాక్కున్నవాళ్ళు మంచివాళ్ళు కారు. నీళ్ళసీసా కూడా ఫాడే అన్నారు. తలకు చుట్టుకునే గుడ్డా ఫాడే. నీళ్ళు తాగాలంటే మూడు వందల అడుగులు నడిచి భవనంలోకి పోవాలి. విమానానికీ విమానానికీ మధ్య అంత వ్యవధి ఎవడిస్తాడు? విమానాల లోపల ఊడ్చే ఆడవాళ్ళయితే మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడమే మానుకున్నారు. సీసా పెట్టడానికి ఒక స్టాండు, ఒక గొలుసు, ఒక గొడుగు బిగిస్తే సరిపోయేది. పదకొండేళ్ళలో ఎవరూ బిగించలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు పొద్దున ట్రాక్టరు సీటు కింద తడిగుడ్డ చుట్టిన సీసా ఒకటి దొరికింది. అది ఎవరిదో నాకు తెలుసు. అయినా తీసుకెళ్ళి ఫాడ్ డబ్బాలో పడేశాను. "రూలు అందరికీ ఒకటే" అని పెద్దమనిషిలా అన్నాను కూడా.

బావ బతికాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇక ఎండలో పని చెయ్యకూడదన్నారు డాక్టర్లు. మూడోరోజు కంపెనీ నోటీసు అంటించింది. "సదరు దినమున ఉష్ణోగ్రత పరిమితికి లోబడియే ఉన్నది. ఉద్యోగి ఉదయం ఆహారము తీసుకొనకుండా విధులకు హాజరయ్యెను." ఆ ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారో తెలుసా? భవనం వెనక పచ్చగడ్డి మీద, నీడలో పెట్టిన తెల్ల పెట్టెలో. మేము గడ్డి మీద పనిచేయం. కాంక్రీటు మీద పనిచేస్తాం.

షిఫ్టు మారే వేళ అందరం బట్టలు మార్చుకునే గదిలో చేరాం. అక్క ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. ఆమె కూడా మాతోపాటే, విమానాల లోపల ఊడుస్తుంది. నోటీసు చదివింది.

"తినలేదా? నా ఎదురుగా కూర్చుని తిన్నాడు" అంది. తరవాత బావ సంచీ తెరిచి వెతికింది. "ఆయన సీసా ఏది? తడిగుడ్డ చుట్టి ఇచ్చాను."

గదిలో అందరూ నావైపు చూశారు. దాచలేదు. "నేనే తీసి పారేశానక్కా."

అక్క కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె బెంచీ మీద కూలబడింది. "నువ్వు కాకపోతే ఇంకోడు తీసేవాడు. మనకి మనమే కాపలా కుక్కలమయ్యాం కదరా" అంది.

"ఇప్పుడేం చేద్దామంటావమ్మా? నోరెత్తితే పాసు లాక్కుంటారు. నాకు ముగ్గురు పిల్లలు" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"నాకూ ఉన్నారు. వాళ్ళ నాన్న మంచంమీదున్నాడు."

"వినతిపత్రం ఇద్దాం" అన్నారెవరో.

"నాలుగు వేళ్ళ సందులో పడుతుందా నీ వినతిపత్రం?" అని ఇంకొకరు.

మేమంతా తాత అని పిలిచే ముసలాయన లేచాడు. విమానానికి ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లో కర్రలు ఊపుతూ దాన్ని దారిలో పెట్టేవాడు తాత. తల మీద ఆ కర్రలు అడ్డంగా కలిపాడంటే ఎంతటి విమానమైనా ఆగాల్సిందే.

"రూలు పూర్తిగా చదివారా ఎవరైనా? ఫాడ్ కనబడితే అది తీసేదాకా అక్కడ ఏ విమానమూ కదలకూడదని ఉంది. తియ్యమని చెప్పడం కంపెనీ వంతు. తీసేది మాత్రం మన చేతులే" అన్నాడు.

అక్క తలెత్తింది. "అయితే రేపు అందరం సీసాలు తెచ్చుకుందాం."

మర్నాడు రెండు గంటలకు, బావ పడిపోయిన చోటే, ఒక విమానం ఆగి ఉంది. ఇంజన్లు ఆపేశారు. ప్రయాణికులు ఇంకా ఎక్కలేదు. మేము పొద్దున ఫాడ్ ఏరినట్టే భుజం భుజం కలిపి నడిచాం. ముందు చక్రానికి ఎదురుగా ఉన్న పసుపు గీత మీద అక్క మొదటి సీసా నిలబెట్టింది. దాని పక్కన నాది. తరవాత ట్రాక్టరు డ్రైవరుది. నలభై ఒక్క సీసాలు, నిండా నీళ్ళతో. తాత ఒక్కొక్క మూత తిప్పి గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు. మేము పనివాళ్ళం, విమానాన్ని పాడుచేసేవాళ్ళం కాదు. తరవాత పైలటు కేసి తిరిగి కర్రలు తల మీద అడ్డంగా కలిపాడు.

జీపు దూసుకొచ్చింది. అద్దం నాలుగు వేళ్ళు దిగింది. "ఏంటిది? తియ్యండి ముందు."

ఎవరూ కదల్లేదు. అద్దం సగం దిగింది. తరవాత తలుపే తెరుచుకుంది. ఆయన బూటు కాంక్రీటు మీద పడటం ఆ రోజే మొదటిసారి చూశాం.

"ప్రతి విమానం దగ్గరా బిగించిన నీళ్ళ స్టాండు, నీడ. గంటకు పది నిమిషాలు విరామం. ఒళ్ళు తూలుతోందని ఎవరైనా అంటే పని ఆపేయాలి. వేడి ఈ నేలమీద కొలవాలి" అంది అక్క. కాగితం కూడా చూసుకోలేదు.

"సాయంత్రం ఆఫీసుకి రండి, మాట్లాడదాం."

"ఎండ ఇప్పుడుంది సార్. ఇప్పుడే మాట్లాడండి."

అయిదు నిమిషాలకే ఆయన చొక్కా వీపుకు అతుక్కుంది. చేతి రుమాలు నెత్తిన పెట్టుకోబోయి, అది ఫాడ్ అని గుర్తొచ్చిందేమో, జేబులో కుక్కుకున్నాడు. అక్క తన సీసా తీసి చాపింది. "తాగండి. మీరు పడిపోతే మోసేది కూడా మేమే."

ఆయన చెయ్యి సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. పక్క విమానాల దగ్గర కూడా పని ఆగింది. అక్కడి పసుపు గీతల మీద ఒక్కొక్కటే సీసాలు లేస్తున్నాయి. వాళ్ళకు మేము కబురు పెట్టలేదు.

భద్రతా దళం వచ్చింది. "మీ నాయకుడెవరు?" అని అడిగాడు అధికారి.

"మాకు నాయకుడు లేడు. వరుసకు పెద్దని మాత్రం నేను" అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట గొప్పకు కాకుండా అనడం అదే మొదలు.

నా పాసు తెంచి తీసుకున్నారు. సాక్ష్యానికని నా సీసా కూడా పట్టుకున్నారు. అది నిలబడిన చోట కాంక్రీటు మీద సీసా చెమ్మకు గుండ్రంగా తడి మచ్చ మిగిలింది. ఆ ఎండలో అది ఆరడానికి ఎంతసేపు పడుతుంది? వ్యానులోకి తోస్తుంటే తల తిప్పి చూశాను.

ఆ తడి ఆరకముందే, తడిగుడ్డ చుట్టిన సీసా ఒకటి తెచ్చి అక్క సరిగ్గా అక్కడే నిలబెట్టింది.