అందరికీ పనికొచ్చిన గోల్డ్ కార్డు

నేను ఒక గోల్డ్ మెంబర్‌షిప్ కార్డును. గోల్డ్ అన్నానని ఆశపడకండి. ప్లాస్టిక్ ముక్కకి పసుపు మెరుపు పూసి, నవ్వే ఏనుగు బొమ్మ అచ్చువేశారు, అంతే. సముద్రం ఒడ్డునున్న ఆనందసీమ అనే థీమ్ పార్కు రిసార్టు నా పుట్టిల్లు. మెషిన్లో ఇంకా వేడిగా ఉండగానే నా మీద ముక్తేశ్వరరావు పేరు పడింది.

ఆయనది తణుకు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో గుమాస్తా. ఎగ్జిబిషన్లో సరదాగా కూపన్ నింపిన పాపానికి, రిసార్టు వాళ్ళు భార్యాభర్తల్ని భోజనానికి పిలిచి పూటంతా ఊదరగొట్టారు. టై కట్టుకున్న కుర్రాడు చెమటలు కక్కుతూ చెబుతుంటే, కాదంటే ఏమనుకుంటాడోనని ముక్తేశ్వరరావు సంతకం పెట్టేశాడు. ఆ మనిషికి ఉన్న జబ్బు అదే, మొహమాటం. దానికి ఏ మందుల షాపులోనూ మందు దొరకదు.

భార్య కనకం మాత్రం నన్ను చూసి మురిసిపోయింది. గోల్డ్ వాళ్ళు క్యూలో నిలబడక్కర్లేదు, వేరే దారిన తిన్నగా వెళ్ళి జెయింట్ వీల్ లాంటివన్నీ ఎక్కేయొచ్చు. వాళ్ళ పాప హిమజకి పుట్టుకతోనే ఎడమ కాలు వంకర. నాలుగు నిమిషాలు నిలబడితే నొప్పితో మొహం నల్లబడిపోతుంది. తిరనాళ్ళలో రంగులరాట్నాన్ని దూరం నుంచి చూడటమే తప్ప ఎక్కి ఎరగదు.

"పెద్ద చక్రం ఎక్కితే సముద్రం కనపడుద్దంట కదమ్మా?" అని అడిగింది హిమజ. కనకం నాకు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టింది.

అక్కడ నేను కుదురుగా ఉన్నది కొన్నాళ్ళే. షాపు యజమానికి సంగతి తెలిసింది. "ఏంటోయ్, నీకు గోల్డ్ కార్డంట గదా? మా అల్లుడుగారు దిగారు, ఓసారి ఇలా ఇయ్యి" అన్నాడు. ముక్తేశ్వరరావు ఇచ్చాడు. గేటు దగ్గర వాళ్ళకి ఫోన్ చేసి "మా వాళ్ళేనండి" అని కూడా చెప్పాడు. ఆ అల్లుడుగారు తిరిగొచ్చి, స్వాగతమంటూ ఇచ్చిన పళ్ళరసం నీళ్ళగా ఉందనీ, గదిలో తువ్వాలు హంసలా మడతపెట్టలేదనీ ముక్తేశ్వరరావునే నిలదీశాడు. ఈయన క్షమించమని బతిమాలుకున్నాడు! ఆ తర్వాత బావమరిది, ఆపైన ఇంటి ఓనరు గారి వియ్యాలవారు. ఎవరెవరి పిల్లలో నన్ను చూపించి చక్రం ఎక్కారు. కనకం అడిగినప్పుడల్లా "వచ్చే నెల మనమే" అనేవాడు.

ఇంతలో హిమజ కాలికి ఆపరేషన్ ఖాయమైంది. నెలల తరబడి మంచం దిగకూడదు. దిగాక ఎంతవరకు నడుస్తుందో డాక్టరే చెప్పలేకపోయాడు. "దానికి ముందు ఒక్కసారి చక్రం ఎక్కించు నాన్నా" అంది పిల్ల. ఇంకేమీ అడగలేదు.

గేటు దగ్గర నన్ను మెషిన్ మీద పెడితే ఎర్ర దీపం వెలిగింది. "ఈ ఏడాది మీ విజిట్లన్నీ అయిపోయాయండి" అంది అక్కడి అమ్మాయి.

"అన్నీనా?" అని కనకం మొగుడి మొహంలోకి చూసింది. ఆయన నేల చూపులు చూశాడు. మళ్ళీ ఆయన జేబులోకి చేరిన నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మామూలు టిక్కెట్లు కొని చక్రం దగ్గర క్యూలో నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది. హిమజని ఆయన చంకనెత్తుకున్నాడు. పక్కన గోల్డ్ దారి ఖాళీగా ఉంది.

"పిల్ల కాలు చూపించి అడగండి, పంపిస్తారేమో."

"ఎలా అడుగుతామే, ఇంతమంది ఎండలో నిలబడుంటే?"

"అయితే నేనే మేనేజర్ని అడిగొస్తాను. మీరు మాత్రం లైను వదలకండి" అని కనకం పరుగులాంటి నడకతో వెళ్ళింది.

క్యూ నత్తనడకన కదిలింది. ఆకాశం మబ్బు పట్టింది, ఉరుములు మొదలయ్యాయి. ఎలాగో ముందుకొచ్చేసరికి చక్రం తిప్పే అతను "వర్షమొచ్చేత్తంది, ఇదే ఆఖరి రౌండు" అని అరిచాడు. ఒక్క తొట్టె ఖాళీ ఉంది. అది మాదే. హిమజ తండ్రి మెడ చుట్టూ చేతులు బిగించింది. ఆయన గుండె నా వీపుకి దడదడా తగులుతోంది.

వెనకాల ఒకాయన, ఏడ్చి గోల పెడుతున్న పిల్లాడితో ముందుకొచ్చాడు. "బాబుగారూ, మావోడు ఊరుకోట్లేదండి. కాస్త మమ్మల్ని ఎక్కనిద్దురూ!"

వద్దు, వద్దు, కుదరదను! ప్లాస్టిక్‌కి నోరెక్కడిది? ముక్తేశ్వరరావు కుదరదనడానికే నోరు తెరిచాడు. "రండి" అన్నాడు. అని, పక్కకి జరిగాడు.

తొట్టెకి అడ్డంగా గొలుసు పడింది. చక్రం లేచింది. చినుకుల్లో కనకం ఆయాసపడుతూ వచ్చింది. "మేనేజరు ఒప్పుకున్నాడండీ! గోల్డ్ దారిలో ఎక్కించమన్నాడు!"

"ఇయ్యాల్టికి ఇంక తిప్పమమ్మా" అన్నాడు చక్రం తిప్పే అతను.

"అదేంటి, ఇంతసేపైనా మన వంతు రాలేదా?"

ఆయన పైకి లేస్తున్న చక్రం వైపు చూశాడు. హిమజే చెప్పింది. "వచ్చిందమ్మా. నాన్న వాళ్ళకిచ్చేశాడు."

కనకం మొగుడి జేబులోంచి నన్ను లాగి బురదలో పడేసి, పిల్లని భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆయన తడుస్తూ అక్కడే నిలబడ్డాడు. బురదలోంచి నేను చూస్తూనే ఉన్నాను. చక్రం దిగొచ్చిన ఆయన, పిల్లాడి చెయ్యి పట్టుకుని ముక్తేశ్వరరావు దగ్గరికొచ్చాడు.

"మీలాంటి మంచోళ్ళు ఉండబట్టేనండీ" అన్నాడు.

ముక్తేశ్వరరావు మొహమాటంగా నవ్వాడు.