బొత్తాల వదిన నీడ

"నీడా నీడా కూర్చోవే, నీకో పీట వేస్తానే..." చిన్నప్పుడు మేం పాడుకున్న పాట. తర్వాత పాలిస్తాననో, పండిస్తాననో ఉండేది. ఎంత తడుముకున్నా గుర్తు రావడం లేదు.

మా వీధిలో ఒంట్లో బాగాలేని వాళ్ళ నీడలు మంచం దిగి ఇరుగుపొరుగు ఇళ్ళకెళ్ళి కూర్చుంటాయి. బట్టలు కుట్టే బొత్తాల వదినకు ఎడమ కాలు పట్టు తప్పినప్పటి నుంచి ఆమె నీడ పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చేది. నేను దాన్ని తొక్కకుండా పక్కనుంచి ఊడ్చుకునేదాన్ని. ఎండెక్కితే ఇస్త్రీ తమ్ముడి బండి దగ్గరికి పోయేది.

వదిన కోసం పొద్దున ఆసుపత్రి నర్సమ్మ వచ్చేది. మధ్యాహ్నం సంక్షేమ ఆఫీసు ఆయమ్మ వచ్చి స్నానం చేయించి, అన్నం పెట్టి వెళ్ళేది. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఇంత చేస్తున్నా వదిన రోజురోజుకీ నీరసించింది. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది కూడా.

ఇక ఏటి అవతలి ఆశ్రమానికి పంపేద్దామన్నారు ఆఫీసువాళ్ళు. అటు వెళ్ళినవాళ్ళ నీడలు వంతెన దగ్గరే ఆగిపోతాయి. నీడ లేని మనిషి ఎన్నాళ్ళుంటుంది?

అది తేల్చే సమావేశానికి ఈసారి వీధివాళ్ళనూ పిలిచారు. ఆసుపత్రి మేడమీద గదిలో డాక్టరు, సంక్షేమ అధికారిణి, నర్సమ్మ, ఆయమ్మ కూర్చున్నారు. మా తరఫున నేనూ, ఇస్త్రీ తమ్ముడూ. వదినను పిలవడం ఎవరికీ తోచలేదు. ఆమె నీడే వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది. నర్సమ్మ లేచి ఫ్యాను తగ్గించింది.

"మళ్ళీ పడితే బాధ్యత ఎవరిది?" అంది అధికారిణి.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"చెప్పండి. అందుకేగా పిలిచింది," అన్నాడు డాక్టరు.

"ఎవరి బట్టలిచ్చినా తీసుకుంటాను గానీ, బాధ్యత అంటే..." తమ్ముడు నసిగాడు.

ఆశ్రమం కాగితం మీద సంతకానికి అధికారిణి పెన్ను మూత తీసింది. అప్పుడు నీడ కుర్చీలోంచి జారి నేలమీద పడింది. మళ్ళీ లేవలేదు.

అందరం మెట్లు దిగి వదిన ఇంటికి పరుగు తీశాం. తలుపు తాళం తమ్ముడి దగ్గరుంది. వదిన కుట్టుమిషను పక్కన పడి ఉంది, ఒళ్ళంతా చల్లటి చెమట.

నర్సమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. "బీపీ బాగా పడిపోయింది. పొద్దున ఒక్క మాత్రేగా వేశాను."

ఆయమ్మ గోడకు ఆనుకుంది. "నేనూ ఇందాక వేశానమ్మా. రోజూ వేస్తున్నా."

మంచంమీద పడుకోబెట్టి కాళ్ళకింద దిండ్లు పెట్టారు, సెలైన్ ఎక్కించారు. చాలాసేపటికి వదిన కళ్ళు తెరిచింది. ఆసుపత్రిలో పడిపోయిన నీడ కూడా లేచి గుమ్మంలోకి వచ్చింది.

"రెండోసారి వేస్తుంటే వద్దని చెప్పాలి కదమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇద్దరూ ఎండన పడి వస్తారు బాబూ. ఒకరిది మింగి ఇంకొకరిది వద్దంటే చిన్నబుచ్చుకోరూ?"

ముందుగా నవ్వింది తమ్ముడే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "మాత్రల డబ్బా నా బండికి తగిలించండి. ఎవరొచ్చినా నన్నడిగే వెయ్యాలి."

"నీకు ఆదివారం సెలవు కదా?" అంది అధికారిణి.

"ఆదివారం నేను," అన్నాను.

ఆమె పెన్నుకు మూత పెట్టేసింది. వంటింట్లో నర్సమ్మా ఆయమ్మా, మీది ఏ వీధి అంటే మీది ఏ వీధి అని మాటల్లో పడ్డారు.

నేను లేస్తే నీడ అలవాటుగా నా వెంటే వచ్చింది. నీ మనిషి దగ్గరే ఉండవే అని గుమ్మంలో ఆగి చెబుతున్నాను. మంచంమీంచి వదిన అంది:

"ఇవాళ్టికి మీ ఇంట్లోనే ఉండనీ వదినా. రేపు నేనే నడిచొచ్చి తీసుకెళ్తా."