పసుపు చుక్క పెట్టని నట్టు

మెకానిక్ రోజూ షెడ్డు తలుపు ఎత్తగానే ముందు గోడకేసి చూసేవాడు. ఆ గోడ మేకులకు బళ్లలోంచి ఊడదీసిన పాత సామాను వేలాడుతూ ఉండేది. ఏళ్లతరబడి ఒకే బండికి చాకిరీ చేసిన సామాను ఊడదీసినంత మాత్రాన ఊరుకోదు. బండి ఎక్కడ తిరుగుతున్నా, కొన్నాళ్లపాటు గోడ మీదే తన పని తాను చేసుకుపోతుంది. కొండమీది బడి మాస్టారి కారు వానలో చిక్కుకుంటే, దాని పాత వైపరు మోటారు ఇక్కడ గుర్రుమనేది. బేకరీ ఆవిడ రోజూ వచ్చి మొగుడి వ్యాను పాత క్లచ్చు ప్లేటును తడిమి చూసేది. వేడిగా ఉంటే, "ట్రాఫిక్‌లో ఏడుస్తున్నాడన్నమాట" అనుకుని వెళ్లి పొయ్యి ముట్టించేది. వీధిలో ఎవరికీ అదొక వింత కాదు.

ఆ మధ్యాహ్నం జాకీల మీద ఉన్నది కూతురి కారు. ఇరవై ఏళ్లనాటి చిన్న కారు. కూతురు కొండమీది ఆసుపత్రిలో నర్సు. దారిలో పదకొండు మలుపులు. ప్రతి మలుపులోనూ కారు పడవలా ఒరిగిపోతోందని ఆరు నెలలుగా పోరు పెడుతోంది. అలా ఒరగకుండా పట్టి ఉంచేది స్వే బారు. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ. ఈ కారుకున్నది సన్నది. ఇదే కారులో పెద్ద ఇంజను రకానికి వచ్చే లావుపాటి బారును ఆ పిల్లే పాత సామాను కొట్టులో వెతికి భుజాన వేసుకొచ్చింది.

మెకానిక్‌కు అది నచ్చలేదు. ముందు భాగం మరీ బిగుసుకుంటే తడిరోడ్డు మీద బండి మాట వినదన్నాడు. నాలుగు మిల్లీమీటర్ల లావుకే ఇంత గోల చెయ్యాలా అని కూతురు నవ్వింది. అతని అసలు బాధ బారు గురించి కాదు. ఏడో మలుపుకు గోడ లేదు. పక్కనే లోయ. గోడ కట్టమని జనం పదేళ్లు అర్జీలు పెట్టుకుంటే, అధికారులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు, 'జాగ్రత్త' అని ఒక బోర్డు పాతారు, పోయారు. బోర్డు చూసి ఆగడానికి లోయకు చదువొచ్చా? అలాంటి దారిలో కన్నకూతురు రోజూ వెళ్లి రావడం అతనికి మింగుడుపడలేదు.

అయినా పని పనే. పాత బారు దించాడు. కొత్త రబ్బరు బుష్‌లకు గ్రీజు రాసి, లావు బారు ఎత్తి, మధ్య బిగింపులు వేసి, చివరల్లో బారును చక్రాలకు కలిపే లింకుల నట్లు చేత్తో తిప్పి వదిలాడు. చేత్తోనే. తెలియనివాడైతే బండి గాల్లో ఉండగానే స్పానరు పెట్టి గట్టిగా బిగించి చేతులు దులుపుకునేవాడు. ఇతను అలా కాదు. బండి తన బరువు తన కాళ్లమీద మోసినప్పుడే ఆఖరి బిగింపు, లేకపోతే రబ్బరు మెలిపడి ఊరికే చస్తుందనేది అతని పద్ధతి. బిగించాక నట్టు మీద పసుపు పెయింటు చుక్క పెడతాడు. చుక్క లేని బండి నలభై ఏళ్లలో ఒక్కటీ ఆ గడప దాటలేదు.

కారును జాకీల మీంచి దించుతుండగా కూతురి ఫోను మోగింది. కొండ మీద ఒకావిడకు నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, డాక్టరు ఊళ్లో లేడు. కూతురు మేకుకున్న తాళాలు లాక్కుంది. మబ్బు పట్టింది, ఆగమన్నాడు తండ్రి. ఆ ఉద్యోగం మానెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నానని మొదలుపెట్టాడు.

"నేను మానేస్తే వాళ్లకి పురుడు నువ్వు పోస్తావా నాన్నా, స్పానరు పట్టుకుని?"

"పో. నా మాట ఎన్నడు విన్నావు గనక."

కారు వీధి చివర తిరిగింది. మెకానిక్ కోపంగా పాత బారును తీసి, రెండు చివర్లకూ తాళ్లు కట్టి గోడకు వేలాడదీశాడు. కాసేపటికి బారు మెల్లగా ఎడమకు మెలిపడింది. మొదటి మలుపు. పక్క షెడ్డులోని వెల్డింగ్ అతను బీడీకి నిప్పడగడానికి వచ్చి, గోడ చూసి, "పిల్ల డ్యూటీకి బయల్దేరిందా అన్నా?" అన్నాడు.

జవాబు చెప్పబోతూ మెకానిక్ బల్ల మీదున్న పెయింటు డబ్బా చూశాడు. మూత మీద నిన్నటి దుమ్ము అలాగే ఉంది. కుంచె ఎండి కట్టెలా ఉంది.

"నట్లు బిగించలేదురా," అన్నాడు. "చేత్తో తిప్పి వదిలేశాను."

ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బండి నడుపుతూ ఫోను ఎత్తితే తాళాలు లాక్కుంటానని బండి నేర్పినప్పుడే చెప్పాడు కదా, పిల్ల నేర్చుకుంది. వెల్డింగ్ అతను మోపెడ్ తీసుకుని ఆమె వెనకాల బయల్దేరాడు. ఆ మోపెడ్ కొండ ఎక్కేసరికి కారు ఏ మలుపైనా దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు.

రెండో మలుపు. మూడోది. అక్కడ వాన మొదలైనట్టుంది, బడి మాస్టారి వైపరు మోటారు కూడా గుర్రుమంటోంది. నాలుగో మలుపులో బారు ఎడమ చివర టకటకమని కొట్టుకోసాగింది. నట్టు వదులవుతోంది. ఐదో మలుపులో ఆ చప్పుడు గోడంతా పాకింది. మెకానిక్ ఆసుపత్రికి ఫోను చేస్తే, ఇంకా రాలేదు, తొందరగా రమ్మనండి అన్నారు. తొందరగానట! ఆరో మలుపు. ఎడమ చివర తాడు మీద గిలగిలలాడింది. ఇక నట్టు ఒక్క మరమీదే ఉంది. తర్వాతది గోడలేని మలుపు.

అతను పరిగెత్తి బారును రెండు చేతులా పట్టుకున్నాడు. అది కుడికి తిరగబోయింది. తిరగనివ్వలేదు. గోడకు పాదాలు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి కిందికి వేలాడాడు. భుజం కలుక్కుమంది. అరచేతుల్లో తుప్పు దిగబడింది. ఉక్కు మనిషిని ఈడ్చింది, మనిషి ఉక్కును ఈడ్చాడు. ఆ తర్వాత బారు కదలడం మానేసింది.

ఆగిందా, పడిందా? ఆగిపోయిన బండి బారూ, లోయలో పడ్డ బండి బారూ ఒకేలా ఊరుకుంటాయి. అతను చేతులు వదల్లేదు. నుదుటి చెమట కంట్లోకి కారినా తుడుచుకోలేదు. పో అన్నాను, ఆఖరి మాట అదే అన్నాను అని గోడకు చెప్పుకున్నాడు.

చాలాసేపటికి అరచేతుల్లో సన్నటి అదురు. ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి. మళ్లీ ఒకటి, గట్టిగా. అది స్పానరు లాగుతున్న అదురు. నలభై ఏళ్లుగా ఆ చేతులకు తెలిసిన అదురు. ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క. అతను చేతులు వదిలాడు. బారు చప్పుడు లేకుండా, సాఫీగా కుడికి తిరిగింది. ఏడో మలుపు. అతను అక్కడే నేలమీద కూలబడి మిగిలిన నాలుగూ లెక్కపెట్టాడు.

కూతురు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమమంది. వెనకాలే తడిసి ముద్దై వచ్చిన వెల్డింగ్ బాబాయికి నీళ్లు కాచే పని అప్పగించారట, ఆయన ఇప్పుడు ఆసుపత్రి తానే నడిపినట్టు చెప్పుకుంటున్నాడట.

"తప్పు నాదే అమ్మా," అన్నాడు మెకానిక్.

"తెలుసు. కిందికి దూరి చూస్తే చుక్క లేదు. డిక్కీలో ఉన్న స్పానరుతో నేనే బిగించాను."

"చూడాలని ఎలా తోచింది? ఎందుకు ఆపావు?"

"నేనెక్కడ ఆపాను? మలుపు ముందు బండి ముక్కు నేలకు అణిగిపోయింది, ఎవరో పట్టుకుని వేలాడినట్టు. ఎంత తొక్కినా కదల్లేదు." ఆమె తండ్రి అరచేతుల కట్లు చూసింది. వాటిని విప్పి, శుభ్రంగా కడిగి, మళ్లీ కట్టింది.

తర్వాత అతను పసుపు డబ్బా మూత తీసి, కుంచె నానబెట్టి, కారు కిందికి దూరాడు. రెండు నట్లూ గట్టిగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఊదారంగు చుక్క. నర్సుల సంచీలో పుండ్లకు రాసే మందు ఉంటుందే, అది.

అతను చాలాసేపు వెల్లకిలా పడుకుని ఆ చుక్కలనే చూశాడు. పైకి వచ్చి డబ్బా మూత బిగించేశాడు.

"సాయంత్రం డ్యూటీకి టైమవుతోంది," అన్నాడు. "బయల్దేరు."