అందరికీ పంపే పేరా

నాగేంద్రబాబుకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కాఫీలో పంచదార కాస్త ఎక్కువ పడితే ఎందుకు పడిందో ఆరా తీసే మనిషి. అలాంటివాడి ఫోన్‌కి అమలాపురం కంపెనీ ఒకటి ప్రపోజల్ పంపింది. అటక మీద ఏడాదిపాటు కాయలోనే ఎండనిచ్చే కురిడీ కొబ్బరికి బదులుగా గాలాడే షెడ్డు కట్టిస్తామని, ఖర్చు ఎంతో, గ్యారంటీ ఏమిటో వివరంగా రాశారు. అక్కడిదాకా బాగానే ఉంది.

ఆయన ఆగిపోయింది చివరి పేరా దగ్గర. "మీ కురిడీకి ఇంత పేరొచ్చిందంటే దాని వెనక మీ ఇల్లాలి కష్టం ఉందని మాకు తెలుసు. ఏడాది పొడుగునా అటకెక్కి, కాయ కాయా ఊపి చూసి, చెడినదాన్ని ఏరేసే ఆ చేతులకి కాస్త విశ్రాంతి ఇవ్వాలన్నదే మా ఉద్దేశం."

అటకెక్కేది నిజంగా ఆయన భార్య భవానీదేవే. కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆవిడే. కానీ అంబాజీపేట మార్కెట్లో దాన్ని నాగేంద్రబాబు గారి కురిడీ అనే అంటారు. ఇంటి లోపలి సంగతి కంపెనీకి ఎలా తెలిసింది? ఎవరో చెప్పి ఉండాలి. చెప్పడానికి ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

పైగా రాజోల్లో ఆవిడ తమ్ముడు రాజబాబు కురిడీ వ్యాపారం పెడతానని ఈమధ్యే తిరుగుతున్నాడు. అక్కాతమ్ముళ్ళు కలిసి తన పేరు పక్కకి నెట్టేస్తున్నారని నాగేంద్రబాబు తేల్చేసుకున్నాడు. ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు, ఇంట్లోంచే పోతుందంటే ఎవరికి మాత్రం మంటగా ఉండదు?

భవానీదేవి వాలకం కూడా దానికి తగ్గట్టే ఉంది. ఫోన్ తీసుకుని ఆ పేరా చదివింది. మళ్ళీ చదివింది. మొగుడి వంక చూసి నవ్వింది. మర్నాడు ఆయనకిష్టమని పనసపొట్టు కూర ఆవపెట్టి వండింది. జడలో పూలు పెట్టుకుంది. అటక మీద పని చేసుకుంటూ కూనిరాగం కూడా తీసింది. తప్పు చేసినవాళ్ళే ఇంత ప్రేమగా ఉంటారని ఆయన లెక్క. కూర మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

ఇక ఆగలేక బస్సెక్కి అమలాపురం వెళ్ళాడు. కంపెనీ ఆఫీసులో శ్రీవాణి అనే అమ్మాయి కుర్చీ వేసింది.

"మా ఇంటి సంగతి మీకెవరు చెప్పేరమ్మా? రాజోలు నుంచి ఎవరైనా వచ్చేరా?"

"ఎవరూ రాలేదండి. ఆ పేరా మేం ముందే రాసి పెట్టుకున్నాం. పేరూ ఊరూ మార్చి పంపుతామండి, మిగతాదంతా అందరికీ ఒకటే."

ఆయన నమ్మలేదు. ఆ అమ్మాయి కంప్యూటర్ తిప్పి సఖినేటిపల్లి రైతుకి పంపింది చూపించింది. తర్వాత కొత్తపేట రైతుకి పంపింది. అదే ఇల్లాలు, అదే అటక.

"మరి తప్పు పోదా?"

"కురిడీ వేసే ఇల్లు ఏదైనా అటక మీద పని ఆడవాళ్ళదేనండి. ఇంతవరకూ తప్పు పోలేదు."

"ఆయ్," అన్నాడు నాగేంద్రబాబు. గుండె మీద బరువు దిగిపోయింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాడు.

ఇంటికొచ్చేసరికి భవానీదేవి నిచ్చెన వేసుకుంటోంది. ఆయన నవ్వుతూ తన అనుమానమంతా చెప్పేశాడు. "ఆ ముక్క అందరికీ పంపుతారంట భవానీ. అందులో నువ్వూ లేవు, మీ తమ్ముడూ లేడు. ఊరికే బుర్ర పాడుచేసుకున్నాను."

ఆవిడ నవ్వలేదు.

"అయితే మీరు చెప్పలేదాండి?"

"నేనా? నేనెందుకు చెప్తాను?"

"మీరే చెప్పి రాయించేరనుకున్నానండి. మీ నోటితో అనలేక వాళ్ళ చేత అనిపించేరనుకున్నాను."

నాగేంద్రబాబు నవ్వు ఆగిపోయింది. ఇప్పుడైనా ఒక మాట అనాలని గట్టిగా అనిపించింది. "నాకు తెలీదనుకున్నావా ఏంటి, నువ్వు..." అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. ఎప్పుడూ అలవాటు లేని పని.

భవానీదేవి నిచ్చెన పట్టుకుని కాసేపు ఎదురుచూసింది. తర్వాత పైకెక్కింది.